గడప దగ్గర మంచినీళ్ళు

కబురు వచ్చినప్పుడు రుహీ గ్లాసు మీద తన పేరు చదువుకుంటోంది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు సామాను మీద కాజీపేట దుకాణంవాడు మిషనుతో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఇచ్చాడు. అన్ని గిన్నెల మీదా 'రుహీ ఇర్షాద్' అని ఒకే వరసలో ఉంది. ఈ ఒక్క గ్లాసు మీద మాత్రం చోటు చాలక ఇర్షాద్ కింది వరసలోకి జారి, అంచు పట్టుకుని వేలాడుతున్నట్టు ఉన్నాడు. కొత్త పెళ్ళికూతురికి నవ్వు రావడానికి అది చాలు. పొద్దున టీ ఆ గ్లాసులోనే తాగేది. అది ఇంకెవరి చేతిలోనైనా కనిపిస్తే ఏదో వంక పెట్టి మార్చేసేది.

ఫోన్ మోగింది. ఇర్షాద్.

"రుహీ, పని దొరికింది. ధర్మసాగర్ అవతల ఊర్లె మంచినీళ్ళ పైపులైను. ఊరంతా మనమే తవ్వాలె."

"నిజంగనా?"

"నిజంగనే. ఇంకోటి విను. బయటోళ్ళకు ఏమన్న నష్టమైతె కట్టిచ్చే ఇన్సూరెన్స్ లేనిది బండిని ఊర్లెకు రానియ్యరట. పెద్ద కాంట్రాక్టరు పక్కాగ చెప్పిండు. గా కాగితాలు నాకు అర్థం కావు. నువ్వు బీకాం చదివినవు గదా, నువ్వే చూడు."

పని దొరికిందన్న మాటకంటే 'నువ్వే చూడు' అన్న మాటే రుహీకి ఎక్కువ సంతోషం ఇచ్చింది. అత్తగారింట్లో ఇప్పటిదాకా ఆమెకు అప్పజెప్పిన పెద్ద పని చట్నీలో ఉప్పు చూడడం. చెప్పులు కూడా వేసుకోకుండా ముంగిట్లోకి పరుగెత్తింది. అక్కడ అత్త షహజాదీ చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతోంది. అంతా విని తలెత్తకుండానే, "ముందుగాల అల్లాను తల్సుకొని అల్హందులిల్లా అను దుల్హన్. ఉరుకుడు తర్వాత," అంది. అని తనే నవ్వేసింది. కొత్త కోడలికి ఆ ఇంట్లో దుల్హన్ అనే పిలుపు.

ఖిలా వరంగల్‌లో మట్టికోట కట్టకు ఇవతల వాళ్ళ ఇల్లు. ఇంటి ముందు పాత జేసీబీ ఒకటి నిలబడి ఉంటుంది. ఇంట్లో అందరూ దాన్ని బండి అంటారు. నడిపేది ఇర్షాద్. మామ కరీముద్దీన్ బండి ముందు నడుస్తూ ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో చెయ్యెత్తి చూపిస్తాడు. ఇద్దరు మనుషులు, ఒక బండి, అదే వ్యాపారం. రుహీకి ఆ బండి మీద కూడా ముచ్చటే. ఒకసారి పక్కింటి కోడి దాని బక్కెట్‌లో గుడ్డు పెట్టింది. ఇర్షాద్ బండి తియ్యబోతే రుహీ ఆపి, గుడ్డును ఫోటో తీశాకే తియ్యనిచ్చింది.

మర్నాడు ఏజెంటు రమాకాంత్ వచ్చాడు. ఇర్షాద్‌తో బడిలో చదువుకున్నవాడు. టీ చేతికి అందకముందే తేల్చేశాడు.

"మీ బండికి ఇన్సూరెన్స్ ఉండనే ఉండె గదా వదినా. థర్డ్ పార్టీ గూడ దాంట్లనే ఉంటది. గదే చూపియ్యిండ్రి, అయిపాయె."

రుహీ ముందురోజు సాయంత్రమంతా ఆ కాగితంతోనే కూర్చుంది. "రమాకాంతన్నా, బండి రోడ్డు మీద పోతాంటె ఎవరికన్న తగిలితె గది ఇస్తది. ఒక్కతాన నిలబడి తవ్వుతాంటె పక్కపొంటి గోడ పడ్డదనుకో. అప్పుడు?"

"గట్లెందుకు పడ్తది వదినా."

"పడ్డదనుకో అంటాన్న."

రమాకాంత్ కాగితం అందుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి, కిందికి జరిపి చదివాడు. మెడ గోక్కున్నాడు. "తవ్వేటప్పుడైతే... రాదు."

మంచం మీద కూర్చున్న కరీముద్దీన్ పకపకా నవ్వాడు. "ఇర్షాద్, నీ దోస్తును ఇంటికి పంపియ్యి. మన దుల్హన్‌నే ఏజెంటు చేద్దాం."

రమాకాంత్ ఉడుక్కోలేదు. రెండో రోజు వేరే పాలసీలు రెండు పట్టుకొచ్చాడు. ఒకటి చవక. అందులో మనిషికి దెబ్బ తగిలితే ఇస్తారు గానీ, తవ్వకం పక్కన నేల జారి గోడలు పడితే ఇవ్వరు. రెండోది ఖరీదు ఎక్కువ. అందులో గోడలూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. ఇర్షాద్ మొదటిదాని వైపు చూశాడు. రుహీ రెండోదాని మీద వేలు పెట్టింది. "మనం తవ్వేది ఊర్ల నడుమ. మట్టిగోడలుంటయి. గోడలు లేని పాలసీ మనకెందుకు?" అంది. ఆమె చెప్పింది సరైన మాట. ఆ తర్వాత ఎప్పుడు తలచుకున్నా అది సరైన మాటే అనిపించింది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

పాలసీ ఇంటికి వచ్చిన రోజు రుహీ దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఒక షరతు దగ్గర ఆగి, నవ్వు ఆపుకుంటూ ముంగిట్లోకి వచ్చింది.

"మామా, ఇగ మీకు కష్టమొచ్చింది. ఏమన్న అయితె తప్పు మాదే అని ఒప్పుకోవద్దట. కట్టిస్త అని మాటియ్యద్దట. కంపెనీని అడగకుండ ఏం చెయ్యద్దట."

కరీముద్దీన్ బీడీ పక్కన పెట్టాడు. "మాఫీ అడుగుడుకు గూడ పర్మిషన్ కావాల్నా?"

"కావాల్నట."

"మంచిగైంది," అంది షహజాదీ. "ఇంట్ల గ్లాసెడు నీళ్ళు తాగడు గని, ఊరోళ్ళ గడపలల్ల చెంబులు చెంబులు తాగొస్తడు. ఇప్పుడన్న ఇంట్ల తాగుతడు."

ఆమె ఎగతాళి దేన్ని గురించో ఇంట్లో అందరికీ తెలుసు. కరీముద్దీన్‌కు ఒక పద్ధతి ఉంది. కొత్త వీధిలో బండి దిగే ముందురోజు ఇల్లిల్లూ తిరిగి, "రేపు తవ్వుతానం. ఏమన్న తప్పయితె నన్ను పిలువుండ్రి" అని చెప్పి వస్తాడు. నిజంగానే ఏదైనా అయితే, కుళాయి పైపు తెగినా, మెట్టు విరిగినా, ఎవరూ పిలవకముందే పోయి ఆ ఇంటి గడప బయట నేల మీద కూర్చుంటాడు. కుర్చీ వేసినా ఎక్కడు. తప్పు మాదే అంటాడు. ఇంటివాళ్ళు తిట్టాల్సినంత తిడతారు. అలిసిపోయాక ఎవరో ఒకరు నీళ్ళు తెచ్చి ఇస్తారు. ఆయన అవి తాగితే కోపాలు అయిపోయినట్టు. మర్నాడు మేస్త్రీని తీసుకెళ్ళి బాగు చేయిస్తాడు. నీళ్ళు ఇచ్చేదాకా మాత్రం లేవడు. ఒక ఇంట్లో పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా ఇవ్వలేదట. ఇంటి నుంచి షహజాదీ పంపిన అన్నం అక్కడే నీళ్ళు లేకుండా తింటుంటే ఎక్కిళ్ళు పట్టుకున్నాయట. తిట్టిన ఆమే జాలిపడి, చెంబుతో పరుగెత్తుకొచ్చిందట.

"గా ఎక్కిళ్ళు ఉత్తయే," అంది షహజాదీ. "నాకు తెల్వదా ఆయన సంగతి."

ఆ పూట అందరూ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వారు. రుహీ పాలసీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో తన పెళ్ళిచీర మడతల కింద దాచింది.

పని మొదలైంది. ఒకరోజు రుహీ అన్నం డబ్బాలు స్కూటీకి తగిలించుకుని ఊళ్ళోకి వెళ్ళింది. బండి ఎక్కడుందో వెతకాల్సిన పని లేకపోయింది. తవ్విన కాలువ వెంట పోతే చాలు. కాలువకు కొద్దిగా ముందు, రోడ్డు అంచున ఒక మట్టిగోడల ఇల్లు ఉంది. దాని అరుగు మీద ఒక పెద్దావిడ చింతపండులో గింజలు తీస్తోంది. పేరు యాకమ్మ. రుహీ చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"గోరింట ఇంక పోనేలేదు. ఏం పని చేపిస్తలేదా మీ అత్త?"

"ఉప్పు చూపిస్తది," అంది రుహీ.

యాకమ్మ కడుపుబ్బ నవ్వింది. లోపలికి పోయి రాగి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కుండలో నీళ్ళు. ఏదో వేరు వేసినట్టుంది, తాగిన తర్వాత నోరు చల్లగా, కొద్దిగా తియ్యగా అయింది. ఏం వేరో అడగాలనుకుని, ఇంకో గుక్క తాగి, అడగడం మరిచిపోయింది.

అప్పుడే కరీముద్దీన్ వచ్చాడు. యాకమ్మ ఆయన్ను చూసి గోడ మీద చెయ్యి వేసింది. "కరీమన్నా, నా గోడ పైలం, జర చూస్కో. మా ఆయన కట్టిండు. ఆయన లెక్కనే ఓ పక్కకు వంగింది."

"నీ గోడ కాడ బండి రాదు యాకమ్మా. గడ్డపారలతోని తవ్విస్త."

"నీళ్ళు తాగుతవా మరి?"

"ఇప్పుడెందుకు. తప్పయినప్పుడు తాగుత," అన్నాడు కరీముద్దీన్. ముగ్గురూ నవ్వారు.

ఆ వారం రుహీకి ఒకే కోరిక ఉండేది. ధర్మసాగర్ చెరువు మీద పొద్దుగూకడం చూడాలి. నీళ్ళ మీద ఎర్రటి దారి పడుతుందని, ఆ దారి కట్టమీద నిలబడ్డవాళ్ళ కాళ్ళ దాకా వస్తుందని కాలేజీ స్నేహితురాలు చెప్పింది. ఇర్షాద్ శుక్రవారం తీసుకెళ్తానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం రుహీ మెంతిరంగు చీర కట్టుకుని, అద్దంలో ఫోటో తీసి పంపింది. కింద 'ఎన్ని గంటలకు? పొద్దు మనకోసం ఆగదు' అని రాసింది.

జవాబు రాలేదు. కొంతసేపటికి ఫోనే వచ్చింది. అప్పటికి ఆమె పళ్ళ మధ్య పిన్ను పెట్టుకుని కొంగు సర్దుకుంటోంది.

"రుహీ, గోడ పడ్డది. యాకమ్మ అరుగు మీదనే ఉండె. కాలు మొత్తం... ఆటోల దవాఖానకు తీస్కపోతాన్న."

వెనకనుంచి ఆవిడ అరుపు వినిపిస్తోంది. రుహీ నోట్లోంచి పిన్ను తీసింది. "మామ ఏడున్నడు?"

"జుమ్మా నమాజుకు పోయిండు. నేను వచ్చేదాక గోడ దిక్కు పోకని చెప్పే పోయిండు. గడ్డపారలతోనైతె చీకటైతదని నేనే..." ఆగిపోయాడు. ఎందుకు తొందరపడ్డాడో చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఒక్కసారీ చెప్పలేదు.

రుహీ బీరువా తెరిచి, పెళ్ళిచీర కింద నుంచి పాలసీ తీసి, దాని మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. చదువుకున్న మనిషి ఏం చేయాలో అదే చేసింది. అవతల ఒక ఆడగొంతు నెమ్మదిగా అన్నీ రాసుకుని, చివర్లో చెప్పింది. "మేడమ్, మా వాళ్ళు వచ్చేదాకా మీ తరఫున ఎవరూ తప్పు ఒప్పుకోకండి. ఏమీ ఇవ్వకండి. వాళ్ళతో మాట్లాడకపోవడమే మంచిది."

రుహీ ఇర్షాద్‌కు చేసింది. "దవాఖానల చేర్పిచ్చి వచ్చెయ్యి. ఎవరితోని ఏం మాట్లాడకు."

"ఆమెనొక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల వస్త రుహీ?"

"ఆమె బిడ్డ సుకన్యకు ఫోన్ చేయించు. ఆమె వచ్చినంక వచ్చెయ్యి. నా మాట విను. లేకుంటె పాలసీ పోతది."

అతను విన్నాడు. పెళ్ళయిన దగ్గరనుంచి ఆమె మాట దేనికీ కాదనలేదు.

కరీముద్దీన్ ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. నమాజుకు వేసుకున్న తెల్లబట్టలు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి అయ్యాయి. పడిన గోడను ఊరివాళ్ళతో కలిసి ఎత్తిపోసి వచ్చాడు. బట్టలు మార్చుకుని, భుజాన తువ్వాలు వేసుకుని మళ్ళీ చెప్పులు వేసుకుంటుంటే రుహీ గుమ్మంలోకి వచ్చింది. మెంతిరంగు చీర ఇంకా ఆమె ఒంటిమీదే ఉంది.

"ఎటు పోతాండ్రు మామా?"

"దవాఖానకు. యాకమ్మ కాడ కూసుండద్దా?"

"పోవద్దు మామా."

ఆయనకు అర్థం కాలేదు. రుహీ పాలసీ తెరిచి ఆ షరతు చదివింది. ముంగిట్లో అందరూ నవ్విన షరతే. ఈసారి ఎవరూ నవ్వలేదు. "మీరు పోయి తప్పు మాదే అంటే కంపెనీ చేతులెత్తేస్తది. దవాఖాన, గోడ, రేపు కేసయితే అదీ, అన్నీ మనమీదనే పడ్తయి. బండి పోతది. బండి పోతే ఆమెకు ఎక్కడినుంచి తెచ్చిస్తం? ఆమెకు మంచిగ ముట్టాల్నంటెనే పోవద్దంటాన్న."

కరీముద్దీన్ ఆలోచించాడు. "తప్పు మాదని అనను. ఊకెనే కూసుంట."

"మీరు కూసున్నరంటే అన్నట్టే గదా మామా. అది అందరికెరుక."

కరీముద్దీన్ భుజం మీది తువ్వాలు తీశాడు. ఒక చెప్పు విడిచాడు. కాసేపు అలాగే నిలబడి రెండోదీ విడిచాడు. మంచం మీద కూర్చుంటే షహజాదీ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. చేతికి దొరికిన గ్లాసు తెచ్చింది. అది రుహీ పేరున్న గ్లాసు. కరీముద్దీన్ వద్దన్నాడు. రుహీ దాన్ని మార్చడానికి వంక వెతకలేదు.

కొన్నాళ్ళకు సుకన్య ఫోన్ చేసింది. యాకమ్మ కూతురు, ఆ ఊళ్ళోనే బట్టలు కుడుతుంది. గొంతులో కోపం లేదు.

"చెల్లే, అమ్మ కాలుకు రాడ్ ఏసిండ్రు. నేనేం అడుగుతలేను, భయపడకు. మీ మామ వస్తడని అమ్మ దినాం చూస్తాంది. పక్క మంచపాయన చెంబుల నీళ్ళడిగితె గూడ ఇయ్యలే. కరీమన్న వస్తడు, గవి ఆయనకు అంటది. ఏమన్న జరం గిట్ల ఉన్నదా మీ మామకు?"

రుహీ గోడకు ఆనుకుంది. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆమెకు తోచింది. జ్వరమే అనవచ్చు. కానీ అది కూడా ఏదో ఒకటి చెప్పినట్టవుతుంది. "అక్కా, ఇది కంపెనీ చూస్తాంది. వాళ్ళు వచ్చేదాక మేమేం మాట్లాడద్దట. మీకు మంచి జరగాల్ననే..."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. "అట్లనా," అంది సుకన్య. "మంచిది మేడమ్," అని పెట్టేసింది.

అంతకుముందు క్షణం దాకా చెల్లె.

ఆ మాట ఊళ్ళో నడిచింది. మిగిలిన వీధి తవ్వడానికి ముందురోజు కరీముద్దీన్ అలవాటుగా ఇల్లిల్లూ తిరగబోయాడు. మొదటి ఇంట్లోనే మల్లక్క అనే ఆవిడ చీపురు ఆపకుండా, "మాతోని ఏం మాట్లాడుతవు సాయిబూ, మీ కంపెనీ తిడ్తది. మేమే మీ కంపెనీతోని మాట్లాడుతం తియ్యి," అంది. రెండో ఇంట్లో తలుపు తియ్యలేదు. మూడో ఇంటి దాకా ఆయన పోలేదు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పింది కూడా ఆయన కాదు, ఇర్షాద్. చెప్పి, అన్నం ముందునుంచి లేచిపోయాడు.

"బక్కెట్ దించింది నా చేతులు," అన్నాడు గదిలో, రుహీ వైపు చూడకుండా. "ఆటోల ఆమె తల నా తొడమీదనే ఉండె. బిడ్డా, మీ అబ్బకు చెప్పు అంటాంది. నేను ఇడిసిపెట్టి వచ్చిన."

"నేనే రమ్మన్న గదా. తిట్టు నన్ను."

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెల్సే చెప్పినవు." తిట్టు కాదది. తిట్టి ఉంటే రుహీకి కొంచెం తేలికయ్యేది.

కంపెనీ మనిషి ఓంప్రకాశ్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, షహజాదీకి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. రుహీ పెట్టిన కాగితాలన్నీ చూసి, మెచ్చుకోలుగా తలూపాడు.

"మీలాంటివాళ్ళు తక్కువమ్మా. వెంటనే మాకు చెప్పారు. ఎక్కడా నోరు జారలేదు. చాలామంది ముందే పోయి కాళ్ళమీద పడి క్లెయిమ్ పాడుచేసుకుంటారు."

ఇర్షాద్ నేల చూస్తున్నాడు. రుహీకి చిన్నప్పటినుంచీ మెప్పంటే ఇష్టం. ఎవరు మెచ్చుకున్నా రెండు రోజులు గాల్లో తేలేది. ఈ మెప్పు మాత్రం ఆమెకు అక్కర్లేకపోయింది.

"మరి ఆమెకు ఎప్పుడిస్తరు సార్?" అని అడిగింది.

"ఇవ్వాల్సి వస్తే ఇస్తాం. ముందు మీ తప్పు ఎంతో తేలాలి కదా. ఆమె కోర్టుకు పోతే మా లాయరు మీ తరఫున చూసుకుంటాడు." సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఇది మీ మామగారి వాంగ్మూలం. నేనే రాసి తెచ్చాను. ఆయన సంతకం చేస్తే చాలు."

రుహీ చదివింది. గోడ పాతది, ముందే ఒక పక్కకు ఒరిగి ఉంది. తవ్వకం జరుగుతుందని కరీముద్దీన్ ముందురోజే ఆ ఇంటికి స్వయంగా వెళ్ళి హెచ్చరించాడు. హెచ్చరిక విని కూడా సదరు యాకమ్మ తన ఇష్టంతో ఆ గోడ పక్కనే కూర్చుంది.

"ఇది ఇట్ల కాదు సార్," అంది రుహీ.

"ఎందులో అబద్ధముందమ్మా? గోడ వంగి లేదా?"

"ఉండె."

"మీ మామగారు ముందురోజు పోయి చెప్పలేదా? ఊళ్ళో అందరూ అదే చెప్పారు. ఇల్లిల్లూ తిరిగి చెప్తాడు, మంచి మనిషి అన్నారు. ఆ మంచి అలవాటే మిమ్మల్ని కాపాడుతోంది."

మంచం మీదినుంచి కరీముద్దీన్ అడిగాడు. "జర నాకు గూడ చదువు బిడ్డా. మెల్లగ."

రుహీ చదివింది. చదువుతున్నంతసేపూ తన గొంతు వేరే ఎవరిదోలా వినిపించింది. పాలసీలో ఆ షరతును ఈ గొంతుతోనే నవ్వుతూ చదివింది, గుమ్మంలో నిలబడి ఈ గొంతుతోనే చదివింది. ఇది మూడోసారి.

కరీముద్దీన్ రుహీ చేతిలోని కాగితం వైపు చూశాడు. తర్వాత నిదానంగా అన్నాడు. "నేను పైలం అని చెప్పలే సారూ. తప్పయితె నన్ను పిలువమని చెప్పిన. ఆమె పిలిచింది."

ఓంప్రకాశ్ కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. "పెద్దమనిషీ, మీ ఇష్టం. సంతకం లేకపోతే మీరు మాకు సహకరించలేదని రాయాల్సి వస్తుంది. అప్పుడు పాలసీ ఉండదు. పాలసీ లేదని తెలిస్తే కాంట్రాక్టరు మీ బండిని పనిలో ఉంచడు. బాగా ఆలోచించుకోండి. రేపు పదింటికి వస్తాను." చెప్పులు వేసుకుని, షహజాదీకి మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఎవరూ లేవలేదు. ఎండ గోడమీదికి ఎక్కింది. బయట బండి బక్కెట్‌లో పక్కింటి కోడి కూర్చుని ఉంది. రుహీ దాన్ని చూసింది గానీ ఏమీ అనిపించలేదు.

మొదట ఇర్షాద్ మాట్లాడాడు. "అబ్బా, బండి పోతె ఇగ ఒకరి బండిమీద కూలికి పోవుడే నేను."

"ఎరుకే."

"సంతకం పెట్టమంటలేను. చెప్తాన్న అంతే."

"ఎరుకే బేటా." కరీముద్దీన్ కాగితం తీసుకుని, దుమ్ము తుడిచి, రుహీ చేతికి ఇచ్చాడు. "రేపు తెల్లారగట్ల ఫజర్ నమాజ్ అయినంక ఫస్టు బస్సుకు యాకమ్మ ఇంటికి పోత. దవాఖాన నుంచి తెచ్చిండ్రట. గోడ తాన టార్పాలిన్ పట్టా కట్టుకున్నరట. గడప అయితె ఉన్నది గదా."

"పదింటికి గాయన వస్తనన్నడు," అంది షహజాదీ.

"రానియ్యి. ఇంట్ల లేడని చెప్పు."

"పొద్దుగూకేదాక కూసుంటవు. అన్నం కట్టాల్నా?" అని అడిగింది షహజాదీ. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "ఈసారి ఎక్కిళ్ళొచ్చినా ఎవరు రారు."

"రాకుంటె రారు."

రుహీ చేతిలో కాగితం ఉంది. దాన్ని బీరువాలో పెట్టడానికి లేవలేదు. పెళ్ళిచీర కింద ఇంకో కాగితం పెట్టాలనిపించలేదు. కుండలో వేసిన ఆ తియ్యటి వేరు ఏమిటో యాకమ్మను అడగలేదని గుర్తొచ్చింది. ఇప్పుడు అడిగినా చెప్పదు. 'పొద్దు మనకోసం ఆగదు' అని తను రాసిన మాట ఫోన్‌లో అలాగే ఉంది. ఇర్షాద్ దాన్ని చెరిపెయ్యలేదు, దాని ఊసూ ఎత్తలేదు.

"నేను వస్త మామా," అంది.

"నువ్వెందుకు బిడ్డా. తిట్లు నీకు అలవాటు లేదు."

"తిట్టినా తిట్టకున్నా వస్త."

"నీళ్ళు ఇయ్యరు ఈసారి. నాకే ఇయ్యరు, నీకేమిస్తరు."

"ఎరుకే." ఇర్షాద్ తలెత్తి ఆమెను చూశాడు. రుహీ అతని వైపు చూడకుండా, మామతోనే చెప్పింది. "రేపు మీరు నా ఎనుక కూసోండ్రి. గడప కాడ ముందల నేను కూసుంట. చెరువు చూడాల్నన్న తొందర నాది, పోవద్దన్నది నేను. తప్పు మాదే అని కాదు, నాదే అని ముందుగాల నేనంట. ఆ తర్వాత మీరు ఏమన్నా అనుండ్రి. ఫస్టు బస్సు ఎన్నింటికో చెప్పుండ్రి, అప్పటికి తయారుగుంట."